కోదాడ పొత్తు

శంకరయ్య సేటు ఎంగిలి చేత్తో కాకిని తోలడని సూర్యాపేటలో చంటిపిల్లలకు కూడా తెలుసు. అలాంటి మనిషి చేత ధాన్యం గంజ్‌లో నలుగురి ముందు బండెడు జొన్నలు కొలిపించింది నేనే. ఎట్లా కొలిపించానో జనం తలా ఒక రకంగా చెప్పుకుంటారు. మంత్రం వేశానని కూడా అన్నారు. నాకు మంత్రాలే వస్తే ముందు ఆ అన్నవాళ్ళ నోళ్ళు కట్టేసి ఉండేదాన్ని. జరిగింది మంత్రం కాదు, ఒక మాట. ఆ మాట సూర్యాపేటలో ఒకటి, కోదాడలో ఇంకొకటి.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు ఊరి శివారులో కొత్తగా తెలుగు బడి పెట్టి నన్ను పంతులమ్మను చేశారు. బడి అంటే ఏదో అనుకునేరు. ఎవరో జాగీర్దారు వదిలిపోయిన గుర్రాల కొట్టం. గుర్రాలు పోయాయి గాని వాసన పోలేదు. ఈ కమలమ్మకు కోపం ముక్కు మీదుంటుందని అందరూ అంటారు. ఉండదా మరి? ఆ వాసనలో కూర్చుని అ ఆలు చెప్పి చూడండి, మీకూ ఉంటుంది.

వాసనను మించిన పీడ ఇంకొకటి ఉండేది. తెల్లారగానే బడి నిండిపోయేది. ఎండ కిటికీలోంచి దిగి పలకల మీద పడేసరికి పిల్లలు ఒక్కొక్కరే జారుకునేవాళ్ళు. అందరికంటే ముందు జారుకునేది సైదమ్మ. అందరికంటే బాగా చదివేదీ అదే, అందుకే నాకు మరీ ఒళ్ళు మండేది. ఒకరోజు బెత్తం పట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"యాడికే పోతున్నవ్?"

"దొర కొట్టంల దూడలకు గడ్డేస్తె జొన్న గట్క పోస్తరు పంతులమ్మా," అంది. "గీడ నువ్వు అక్షరాలే పెడతవు."

బెత్తం పక్కన పడేశాను. తల్లులంతా కోడి కూయకముందే కలుపుకు పోతారు. రాత్రి కుండ అడుగంటితే పొద్దున సద్ది ఎక్కడిది? ఆకలి పిల్ల ముందు గుణింతాలు చదివితే నాకే సిగ్గనిపించింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే తనిఖీ సాబు వచ్చాడు. వచ్చింది ఎండ పలకల మీద పడ్డ వేళకు. బడిలో నేనూ, నిద్రపోతున్న ఇద్దరు పసివాళ్ళూ, పక్క దొడ్డి బుచ్చమ్మ మేకపిల్లా ఉన్నాం. సాబు మేకపిల్లను పైకీ కిందికీ చూశాడు.

"క్యా అమ్మా, దీనికి గూడ హాజరు ఏస్తున్నవా?"

"పేరు పెట్టలేదు సాబ్, పెట్టినంక ఏస్త," అన్నాను. నోరు ఊరుకోదు కదా.

సాబు నవ్వలేదు. "దసరా ఎల్లినంక మళ్ళ వస్త. గిదే యాళ్ళకు వస్త. పిల్లలుంటె బడి ఉంటది, లేకుంటె బంద్. నిన్ను యాడికన్న తోలిచ్చుడే," అని వెళ్ళిపోయాడు. నన్ను ఎక్కడికి తోలినా నేను బతుకుతాను. సైదమ్మ సంగతేమిటి? దాని బతుకంతా దూడల వెంటే తెల్లారుతుంది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

బడి పక్కనే గొర్రెల దొడ్డి ఉన్న బుచ్చమ్మ నా మొహం చూసి విషయం అడిగింది. విన్నది. బోడి కారణానికి ఇంత ఏడుపా అన్నట్టు చేతులు తిప్పింది.

"పొద్దుగాల ఇంత గట్క పోస్తె పొల్లగాండ్లు యాడికి పోతరు? మా పెండ్లిళ్ళల వండే పెద్ద గుండిగ ఉన్నది. కట్టెలు ఏరుకొస్త. సల్లకు బర్రె ఉన్నది. గింజలు నువ్వు తే, ఇగ జూడు."

గింజలంటే శంకరయ్య సేటు. సూర్యాపేట గంజ్‌లో సగం జొన్నలు ఆయన కొట్టులోనే ఉంటాయి. వెళ్ళాను. బేరానికి వచ్చిన రైతులూ, హమాలీలూ చుట్టూ ఉన్నారు. నేను చెప్పిందంతా సేటు కళ్ళు మూసుకుని విన్నాడు. ఇస్తాడేమో అని నాకు క్షణం సేపు ఆశ కూడా కలిగింది. పిచ్చిదాన్ని.

"ధర్మం ఒక్కని తోటి అయ్యేది కాదు పంతులమ్మా," అన్నాడు. "ఇంకొకలు కలవాలె. కోదాడ కోటిలింగం ఉన్నడు గద, పో, వాని పొత్తు తీస్కరా. కోటిలింగం పొత్తు సూర్యాపేటకు వచ్చిన్నాడు, గాడెంత పంపితె నేనంత పోస్త. బండికి బండి. గంజంత సాచ్చెం."

గంజంతా ఘొల్లుమంది. ఎందుకు నవ్వారో చెప్పాలి. శంకరయ్య, కోటిలింగం ఒకప్పుడు ప్రాణస్నేహితులు. ఇద్దరూ పొత్తు కలిసి మిర్యాలగూడెంలో పల్లీల మిల్లు కట్టారు. గోడలు లేచాయి, యంత్రం వచ్చింది, బోర్డు రాసేవాడు కుంచె పట్టుకుని ముందు ఎవరి పేరు రాయమంటారని అడిగాడు. అంతే. శంకరయ్య ముందా, కోటిలింగం ముందా అన్నదగ్గర మొదలై తాతముత్తాతల దాకా వెళ్ళింది. చెరొక తాళం వేసి చెరొక దారిన వచ్చేశారు. లోపల పోసిన పల్లీలు పందికొక్కులు తిన్నాయి. అప్పటి నుంచి పొత్తు మాట ఎత్తితే చాలు, "పొత్తుల గొర్రె పుచ్చి సచ్చిందంట" అంటాడు శంకరయ్య. కోటిలింగం పొత్తు తెమ్మనడమంటే ఇవ్వనని చెప్పడమే. పైగా నలుగురి ముందు నన్ను ఎగతాళి చేయడం.

నాకు ఎక్కడ లేని రోషం వచ్చింది. మర్నాడే కోదాడ బస్సెక్కాను.

కోటిలింగంది జగ్గయ్యపేట వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. బెల్లం, మొక్కజొన్న వ్యాపారం. మనిషి మర్యాదస్తుడు. కూర్చోబెట్టి మంచినీళ్ళిప్పించాడు. శంకరయ్య పేరు వినగానే ఆ మర్యాదంతా ఎగిరిపోయింది.

"ఆయనతో పొత్తా? నా కంఠంలో ప్రాణముండగా జరగదండి! ఆ మనిషి పేరు మా ఇంట్లో కుక్కకు కూడా పెట్టం."

"పిల్లల కోసం బాబుగారూ," అన్నాను.

"పిల్లలకంటే నేను కాదనను. కానీ పొత్తు మాత్రం కుదరదు." కాసేపు ఊపిరి పీల్చుకుని మెత్తబడ్డాడు. "అదిగో, పెరట్లో పొత్తులు ఎండబోశాను. ఈ ఏడు ధర పలకలేదు. పురుగు తినే బదులు పసివాళ్ళు తింటే పుణ్యం. ఒక బండి తోలుకుపోండి."

"ఏవి ఎండబోశారూ?"

"పొత్తులండీ! మొక్కజొన్న పొత్తులు. మీ వైపు తినరేంటి?"

పెరట్లోకి తొంగి చూశాను. పచ్చగా మెరుస్తూ మక్క కంకుల కుప్ప. మేం కంకులంటాం. ఆ మనిషి పొత్తులంటున్నాడు. లోపల్నుంచి నవ్వు తన్నుకొచ్చి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"ఏమైందండీ?"

"దగ్గు," అన్నాను.

బండి కట్టిన మత్తయ్య కోదాడ మనిషే, అమాయకుడు. బండి కదిలేముందు అతన్ని పక్కకు పిలిచాను. "మత్తయ్యా, గంజ్‌లో ఎవరైనా ఏం తెచ్చావంటే ఏమంటావు?"

"పొత్తులంటానమ్మా. ఇంకేమంటాను?"

"ఎవరివి అంటే?"

"కోటిలింగం గారివి అంటాను."

"అంతే అను నాయనా. ఒక్క ముక్క ఎక్కువ వద్దు, తక్కువ వద్దు. మధ్యలో నీకు దాహమేసినా సరే, బండి మాత్రం శంకరయ్య సేటు కొట్టు ముందే ఆపు."

నేను బస్సులో ముందే వచ్చి, బండి చేరే పొద్దుటికి కొట్టు పక్కన గాజుల అంగడి దగ్గర బేరమాడుతున్నట్టు నిలబడ్డాను. గోనెలు కప్పిన బండి వచ్చి ఆగింది. హమాలీ దుర్గయ్య అడిగాడు, ఏం బండిరా అని.

"కోటిలింగం గారి పొత్తులు," అన్నాడు మత్తయ్య.

గంజ్‌లో తక్కెళ్ళు ఆగిపోయాయి. ఎవరో కొట్టులోకి పరుగెత్తి, "సేటూ, కోటిలింగం పొత్తు వచ్చింది!" అని కేక పెట్టాడు. శంకరయ్య చెప్పులు కూడా వేసుకోకుండా బయటికొచ్చాడు. మొహం చూడాలి మీరు. కోపమో, భయమో, సంతోషమో ఆయనకే తెలిసినట్టు లేదు. నిజం చెప్పాలంటే సంతోషమే కొంచెం ఎక్కువ కనబడింది నాకు.

"కోటిలింగం... పొత్తుకు ఒప్పుకున్నడా?"

"ఒప్పుకోవడమేంటండీ, పంపించారు," అంటూ మత్తయ్య గోనె లాగాడు.

సేటు బండిలోకి చూశాడు. నన్ను చూశాడు. మళ్ళీ బండిలోకి చూశాడు.

"గివి కంకులు గదరా!"

"పొత్తులండి."

"కంకులు!"

"మా కోదాడలో వీటిని పొత్తులే అంటామండి. కావాలంటే ఒలిచి చూసుకోండి," అన్నాడు మత్తయ్య, ఈ పెద్దమనిషికి మొక్కజొన్న తెలియదేమో పాపం అన్న జాలితో.

నేను గాజులు వదిలేసి ముందుకొచ్చాను. "సేటూ, కోటిలింగం పొత్తు వచ్చిన్నాడు బండికి బండి పోస్తనంటిరి. వచ్చింది. గంజంత సాచ్చెమని గూడ మీరే అంటిరి."

"దగా! గిది దగా! నేనన్న పొత్తు గిది కాదు!"

అప్పుడు దుర్గయ్య తలపాగా తీసి దులిపి, పంచాయితీ పెద్దలాగా గొంతు సవరించుకున్నాడు. "సేటూ, జర ఆగు. నువ్వడిగింది సూర్యాపేట పొత్తు కాదు. కోదాడ పొత్తు. కోదాడోళ్ళు దేన్ని పొత్తంటరో గదే పంపిండ్రు. ఇందుల దగా యాడున్నది?"

గంజ్ గంజంతా పగలబడి నవ్వింది. నలుగురి ముందు మాట తప్పితే మర్నాటి నుంచి ఏ రైతు ఆయన తూకం నమ్ముతాడు? శంకరయ్య పళ్ళు నూరుకుంటూ లోపలికి తిరిగాడు. "పోయుండ్రి! బండెడు పోయుండ్రి! నా కండ్ల ముందట మాత్రం పోయకుండ్రి!"

ఆ వారమే గుండిగ పొయ్యెక్కింది. కంకులు ఒలవడం పిల్లల పని, ఒలుస్తూ ఎక్కాలు చెప్పడం నా పని. విసరడం తల్లులు వంతులు వేసుకున్నారు. బుచ్చమ్మ మక్క రవ్వా, జొన్న రవ్వా కలిపి గట్క వండి చల్ల పోస్తుంటే కొట్టంలో గుర్రాల వాసన కూడా వెనక్కి తగ్గింది. ఎండ పలకల మీద పడే వేళకు సైదమ్మ మూతి తుడుచుకుని నా ముందే కూర్చుని ఉండేది.

కానీ రెండు బండ్ల గింజలు ఎన్నాళ్ళొస్తాయి? దసరా ఇంకా దూరం. అందుకని మత్తయ్యతో కోదాడకు కబురంపాను. మీ ఒక్క బండి వల్ల శంకరయ్య సేటు ఏడుస్తూ ఒక బండి పోశాడు, మీకు దండాలు అని. అందులో అబద్ధం ఏముంది?

కోటిలింగం మత్తయ్యను కూర్చోబెట్టి అడిగాడట. "ఏడ్చాడా? నిజంగా ఏడ్చాడా? ఎంత ఏడ్చాడు?" ఆ తరవాత రెండు బండ్లు వచ్చాయి. గంజ్‌లో మళ్ళీ జాతర. బండికి బండి శంకరయ్యా రెండు పోశాడు. పోసి, "వాని పెరట్ల ఎన్ని కంకులున్నయో నేను గూడ సూస్త! గాడు పంపకపోయినా నేను పంపుత! గాడే ఓడాలె!" అని ఇంకొక బండి తనంతట తానే తోలించాడు. ఆ కబురు కోదాడకు మోసింది ఎవరో నేను చెప్పను. మీకు తెలుసు.

ఇటు కబురు అటూ, అటు కబురు ఇటూ మోసి మోసి నాకే నవ్వొచ్చేది. బుచ్చమ్మ అయితే, "నారదుడు గూడ నీ కాడ నేర్సుకోవాలె పంతులమ్మా," అనేది. ఇద్దరు షావుకార్లు ఒకరినొకరు ఓడించడానికి పోటీపడి మా పిల్లల కడుపులు నింపుతున్నారు. ఇంతకంటే మంచి పొత్తు మిర్యాలగూడెంలో కూడా కుదరలేదు.

దసరా వెళ్ళింది. సాబు వచ్చే రోజు తెలిసింది. నా బుర్రలో పురుగు తొలిచింది. శంకరయ్యకు కబురంపాను, కోటిలింగం గారు సాబు మెప్పు కోసం బడికి వస్తున్నారని. కోటిలింగానికీ అదే కబురు, పేరు మాత్రం మార్చి. ఇద్దరూ వచ్చారు. వసారాకు ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు, వీపులు తిప్పుకుని నిలబడ్డారు. జరీ కండువాలు మాత్రం ఇద్దరూ కప్పుకున్నారు.

సాబు అదే వేళకు వచ్చాడు. కొట్టం కిక్కిరిసి ఉంది. నా వైపు చూసి, "మేక యాడికి పోయింది?" అన్నాడు.

"పై తరగతికి పోయింది సాబ్."

ఈసారి నవ్వాడు. "పొద్దుగాల పిల్లలకు పెడుతున్నది ఎవలు?"

"నేను!" అని రెండు కొసల నుంచీ ఒక్కసారే వినబడింది. సాబు ఇద్దరినీ మార్చి మార్చి చూసి నల్లబల్ల వైపు తిరిగాడు. ఒత్తులు నేర్పడానికి ఆ రోజు నేను రాసిన మాటలున్నాయి: గట్టు, చెట్టు, పొత్తు. సాబు కర్రతో చివరి మాట మీద కొట్టి, ముందు కూర్చున్న సైదమ్మను లేపాడు.

"చదువు."

"పొత్తు."

"మత్లబ్? అంటే ఏంది?"

కంకి అంటుందేమో, కలిసి వ్యాపారం చేయడం అంటుందేమో అనుకున్నాను. సైదమ్మ వసారాలో ఈ కొసకూ ఆ కొసకూ చూసింది.

"ఒక సేటు ఇంకో సేటును ఓడగొట్టాలని మాకు గట్క పోసుడు సారూ."

సాబు కర్ర కిందికి దించాడు. "మరి ఎవలన్న ఒకలు గెలిస్తె?"

"గెలిస్తె ఇగ ఖతం సారూ. ఓడినాయన బండి బంద్ చేస్తడు. గెల్సినాయన గూడ బంద్ చేస్తడు, ఇగ ఎందుకు పోస్తడు? నేను మళ్ళ దూడల కాడికి పోత." అది చాలా మామూలుగా, ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పింది. "గందుకే రోజు గట్క తినంగనే అందరం మొక్కుతున్నం. ఇద్దర్ల ఎవలు గెలువద్దని."

ఇన్నాళ్ళూ నేనేదో పెద్ద తెలివిగా ఆడిస్తున్నాననుకున్నాను. ఆట ఆగితే ఏమవుతుందో ఆ పిల్లకు మొదటి గట్క నుంచీ తెలుసు. తెలిసే తిన్నది. నేను గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. ఈసారి దగ్గని కూడా బొంకలేదు.

వసారా కొస నుంచి శంకరయ్య గొంతు వినబడింది.

"కోటిలింగం, ఇంటివా?"

"విన్నాను."

"పోరి ఏమన్నదో ఇంటివా?"

"విన్నానన్నాను కదా. నాకు చెవుడా?"

"గిప్పుడేం జేద్దాం మరి?"

కోటిలింగం కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఏం చేస్తాం శంకరయ్యా. గెలవడం మానేద్దాం."

ఏ నెల ఎవరి బండి రావాలో ఆ వసారాలోనే అనుకున్నారు. ఎండలు ముదిరి బడి మూసేదాకా అన్నారు ఒకరు. మళ్ళీ బడి తెరిస్తే ఏం తింటారు అన్నారు ఇంకొకరు. ఆ ముక్క మీద మళ్ళీ కొట్టుకున్నారు గాని, ఈసారి ఎదురెదురుగా నిలబడి కొట్టుకున్నారు. సాబు బడి ఉంటుందని చెప్పి, బుచ్చమ్మ ఇచ్చిన చల్ల తాగి వెళ్ళాడు.

మిర్యాలగూడెం మిల్లు తాళాలు మాత్రం తీయలేదు. అంత తొందరగా మారే మనుషులా వాళ్ళు?

మారలేదనడానికి రుజువు ఆ రోజే దొరికింది. వెళ్ళబోతూ ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చింది, ధర్మం చేసేవాళ్ళ పేరు గుండిగ మీద ఉండాలని. ఉండాలి సరే, ముందు ఎవరిది? శంకరయ్య మొహం ఎర్రబడింది. కోటిలింగం కండువా సర్దుకున్నాడు. మిర్యాలగూడెం మొత్తం నా కళ్ళముందు కదిలింది. పిల్లలంతా ఊపిరి బిగబట్టి నన్నే చూస్తున్నారు.

నేను సున్నం గిన్నె సైదమ్మ చేతికిచ్చాను. "గుండిగ సుట్టు రాయవే. ఇద్దరి పేర్లు, అక్షరాలు సమానంగ."

గుండ్రటి గుండిగకు మొదలెక్కడ, చివరెక్కడ? శంకరయ్య ఇటు నిలబడి చదివితే శంకరయ్య ముందు. కోటిలింగం అటు నిలబడి చదివితే కోటిలింగం ముందు. ఇద్దరూ గుండిగ చుట్టూ తిరిగి తిరిగి చూసుకుని, ఎవరికి వారు గెలిచామనుకుని వెళ్ళిపోయారు.

వారం తిరక్కముందే పొయ్యి మసి పట్టి రెండు పేర్లూ కనబడకుండా పోయాయి. బుచ్చమ్మ కొబ్బరి పీచూ, బూడిదా తీసుకుని గుండిగ ముందు కూర్చుంది.

"ఓసి బుచ్చమ్మా, లోపల తోము, బయట తోమకే!" అని ఒక్క అరుపు అరిచాను. "తోమితె ఎవలు ముందని మళ్ళ మొదలైతది."